పక్కింటి పునాది - మనింటి గోడ

హైదరాబాద్‌లో ఏ పాత కాలనీకి వెళ్ళినా ఇప్పుడు ఒకటే వరస. నిన్నటిదాకా కొబ్బరిచెట్టూ, సన్నజాజి పందిరీ ఉన్న ఇల్లు తెల్లారేసరికి రేకుల కంచె వెనక మాయమైపోతుంది. వారం తిరిగేసరికి జేసీబీ దిగుతుంది. నెల తిరిగేసరికి సెల్లారు కోసం పెద్ద గొయ్యి. ఆ గొయ్యి పక్కింట్లో రోజంతా ఉండే ఆడవాళ్ళ సంగతి ఎవరైనా ఆలోచించారా?

"అయితే అపార్ట్‌మెంట్లు వద్దంటారా?" అని వెంటనే అడిగేస్తారు. వద్దనడం లేదండీ. ఇళ్ళు కావలసినవాళ్ళు పెరుగుతున్నారు, నేల పెరగదు. పాత ఇల్లు బిల్డరుకిచ్చి రెండు ఫ్లాట్లు తీసుకున్నవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. రేపు మన ఇంటి వంతూ రావచ్చు. నేననేదల్లా ఒక్కటే. కట్టేవాళ్ళు చుట్టుపక్కల వాళ్ళకి సమాధానం చెప్పడమంటూ ఉంటే అది గొయ్యి తీయకముందే చెప్పాలి. నోటిమాటగా కాదు, కాగితం మీద చెప్పాలి.

మా వీధిలో ఐదంతస్తుల భవనం మొదలుపెట్టినప్పుడు బిల్డరుగారు మర్యాదగానే ఉన్నారు. ఒక ఆదివారం సాయంత్రం అందర్నీ పిలిచి కుర్చీలు వేయించి, టీ, సమోసాలు పెట్టించారు. "మీకు ఏ ఇబ్బందీ రానివ్వను, నాదీ పూచీ" అన్నారు. మగవాళ్ళు పార్కింగ్ ఎక్కడ వస్తుందో, చదరపు అడుగు ఎంత పలుకుతుందో అడిగారు. వెనక కూర్చున్న ఎదురింటి పిన్నిగారు మాత్రం "బాబూ, మీరు గొయ్యి తీస్తే మా బోరు ఎండిపోదు కదా? ఎండితే నీళ్ళెవరు పోయిస్తారు?" అని అడిగింది. "అప్పుడు చూసుకుందాం లెండమ్మా" అని ఆయన నవ్వేశారు.

గోతిలో ఊరిన నీళ్ళని మోటార్లు పెట్టి రాత్రింబవళ్ళు కాలవలోకి తోడిపోశారు. ఎండలు ముదరకముందే పిన్నిగారి బోరు గాలి పీల్చడం మొదలెట్టింది. ట్యాంకర్ డబ్బులు ఆవిడే ఇచ్చుకుంది. "అప్పుడు" ఎప్పుడొస్తుందో బిల్డరుగారిని అడిగితే, అందుకు కారణం తమ గొయ్యేనని రుజువేమిటన్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ సాయంత్రం అసలైన ప్రశ్న అడిగింది పగలంతా ఇంట్లో ఉండే మనిషి. పొద్దున్నే వెళ్ళి రాత్రికి వచ్చేవాళ్ళకి పక్కన లేచే భవనం అంతస్తుల లెక్కలోనే కనిపిస్తుంది. ఇంట్లో ఉండేవాళ్ళకి అది ఆరేసిన బట్టల మీద సిమెంటు దుమ్ముగా, పసిపిల్లల దగ్గుగా, మంచంలో ఉన్న అత్తగారికి పట్టని నిద్రగా, గేటు ముందు పోసిన కంకర మీద జారే స్కూలు పిల్లల కాళ్ళుగా తెలుస్తుంది. ఈ బాధలేవీ ఏ ప్లానులోనూ గీతలు కావు. అందుకే మీటింగుల్లో ప్రస్తావనకి రావు.

పోనీ అనుమతి ఇచ్చేటప్పుడైనా మనల్ని అడుగుతారా అంటే, అదీ లేదు. స్థలాన్ని బట్టి ఎంత కట్టాలన్న ఎఫ్.ఎస్.ఐ. పరిమితిని హైదరాబాద్‌లో 2006లో జీవో 86తో తీసేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎత్తు తేలుతుంది. 2020లో తెలంగాణ తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం పెద్ద భవనాలకి 21 రోజుల్లో అనుమతి తేల్చాలంది. ఆఫీసుల చుట్టూ తిప్పకుండా ఇవ్వడం మంచిదే. కానీ ఆ 21 రోజుల్లో పక్కింటి గుమ్మం తొక్కేవాళ్ళెవరూ లేరు. నిర్మాణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కావాలని 2006 కేంద్ర నోటిఫికేషన్ చెప్పింది. చెప్పిన చేత్తోనే భవన నిర్మాణాలని ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది!

అలాగని చట్టం బొత్తిగా మూగదని అనుకోవద్దు. మంజూరైన ప్లాను కాపీని పనిచోట అందరికీ కనబడేలా పెట్టాలని, ఇసుకా కంకరా రోడ్డు మీద పోసి దారికి అడ్డం చేయకూడదని నగరంలో ఇచ్చే అనుమతి పత్రాల్లోనే షరతులుంటాయి. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదని 2010లో వాటికి జోడించారు. అంతెందుకు, పక్క నేల మన నేలకి సహజంగా ఇచ్చే ఆనిక మన హక్కని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టమే చెప్పింది. పక్కవాళ్ళ గొయ్యి వల్ల మన నేల జారితే "మా స్థలంలో మేం తవ్వుకున్నాం" అంటే చెల్లదన్నమాట.

బిల్డర్ల కష్టమూ వినాలి. నగరంలో పగటిపూట పెద్ద లారీలకి ఆంక్షలు. అంచేత రెడీమిక్స్ లారీలు రాత్రికే వస్తాయి. స్లాబు మొదలెట్టాక మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, బలం పోతుంది. ఒక నిబంధన లారీని రాత్రికి తోస్తే, ఇంకో నిబంధన రాత్రి మోతని వద్దంటుంది. ఈ రెంటి మధ్యా నలిగేది పక్కింటి నిద్ర. దీనికి మార్గం లేకపోలేదు. ఎన్ని స్లాబులో ముందే తెలుసు కదా! ఏ తేదీలో వేస్తారో వారం ముందు చెబితే, పిల్లల పరీక్షల ముందురోజు తప్పిస్తే, ఎవరు కాదంటారు? నెలకి ఒకటి రెండు రాత్రులు ఓర్చుకోవడం మనకి తెలుసు. ఎప్పుడు మోగుతుందో తెలియక రోజూ ఉలిక్కిపడటమే కష్టం.

ఇదంతా నిద్రా, దుమ్ముల గొడవే అయితే సర్దుకుపోదామనేదాన్ని. ప్రాణాల మీదికొస్తోందే! 2014 జూన్ 28న చెన్నై మౌళివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్ళలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్ళినవాళ్ళు. 2024 మేలో హైదరాబాద్ బాచుపల్లిలో ఒక్క రాత్రి వానకి, కడుతున్న అపార్ట్‌మెంటు గోడ కూలీల పాకల మీద పడి ఏడుగురు చనిపోయారు. అందులో ఒక పసివాడు. పనిచోట పాకలో ఉండే ఆ కుటుంబాలు కూడా మన పొరుగువాళ్ళే కదా! రేకుల వెనక మరుగుదొడ్డి లేక చీకటి పడేదాకా ఓర్చుకునే కూలితల్లి ఇబ్బంది గురించి మనం కాక ఎవరడుగుతారు? ఇసుక గుట్ట పక్కన పాపని పడుకోబెట్టి తట్టలు మోసే తల్లులు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

కట్టేశాక పోరాడొచ్చు కదా అంటారా? నోయిడాలో పోరాడారు. 16 మీటర్లుండాల్సిన ఎడం 9 మీటర్లే ఉందని పక్క ఫ్లాట్లవాళ్ళు కోర్టుకెక్కారు. 2014లో అలహాబాద్ హైకోర్టు కూల్చమంది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు సరేనంది. 2022 ఆగస్టు 28న ఆ జంట టవర్లు మట్టిలో కలిశాయి. గెలిచారు, నిజమే. కానీ సుమారు పదేళ్ళు పట్టింది. అక్కడ వాళ్ళకి సంఘం ఉంది, అందరూ కలిసి చందాలేసుకున్నారు. మన సందులో నాలుగిళ్ళవాళ్ళం అంత దూరం వెళ్ళగలమా?

అందుకే ముందే మేలుకోవాలి. గొయ్యి తీయకముందు చుట్టుపక్కల ఇళ్ళ గోడలకి తేదీ వేసిన ఫోటోలు తీసి, బిల్డరు, ఇంటివాళ్ళు ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. అప్పుడు రేపు బీట వస్తే అది పాతదా కొత్తదా అన్న తగువుండదు. బోరులో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో ముందే రాసుకోవాలి, ఎండిపోతే ట్యాంకర్ ఎవరిదో రాయించుకోవాలి. మట్టి జారకుండా ఏ గోడ కడతారో, వానల్లో తవ్వకం ఆపుతారో లేదో అడగాలి. దుమ్ముకి వల, రోజూ నీళ్ళు చల్లడం, స్లాబు తేదీలు, కూలీలకి మరుగుదొడ్డి, మనం ఫోన్ చేస్తే పలికే ఒక మనిషి పేరు... ఇవన్నీ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఒక కాపీ కార్పొరేషన్‌లో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి.

ఆ ముద్రకి విలువుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం ఇలాంటి అపార్ట్‌మెంట్లలో పది శాతం కట్టడాన్ని అనుమతిచ్చిన సంస్థకి తనఖా పెట్టాలి. పని పూర్తయ్యాక నివాసయోగ్య పత్రం వస్తేనే అది విడుదలవుతుంది. అంటే బిల్డరు చివరికి అదే ఆఫీసు మెట్లు ఎక్కాలి. ఆనాటికి మన కాగితం ఆ ఫైల్లో ఉండాలి. నిజాయితీగా కట్టే బిల్డరుకి దీనివల్ల నష్టమేమీ లేదు. పైగా రేపు లేనిపోని నిందలు పడే బాధ తప్పుతుంది.

పాలవాడు ఒక పూట రాకపోతే కాలెండరు మీద సున్నా చుట్టి, నెలాఖరుకి లెక్క తేల్చేవాళ్ళం మనం. చాకలి పద్దు చీటీ మీద ఉంటుంది, కిరాణా పద్దు పుస్తకంలో ఉంటుంది. జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇంటి గోడల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక టీకీ, రెండు సమోసాలకీ "సరే లెండి" అనేస్తామా? ఈసారి మీ వీధిలో మీటింగు పెడితే వెనక వరసలో కూర్చోకండి. కాగితం, కలం తీసుకుని ముందు కుర్చీలో కూర్చోండి!