గొడుగు పట్టు హక్కు

మలయాళ దేశమున జూను మాసారంభముననే తొలకరి ప్రవేశించును. పాఠశాలలు తెరచుటయు నప్పుడే. ఆ దినములలో అలప్పుళ పట్టణపు గొడుగులకు గల గిరాకీని కేరళమున నివసించిన మన తెలుగువారెవ్వరైన నెఱుగుదురు.

ఈ వ్యాపారమునకు మూలపురుషుడు తయ్యిల్ అబ్రహాము వర్గీసు. 'కుడ వావచ్చన్' అనిననేగాని ఆయనను జనులు గుర్తింపరు. కుడయన మలయాళమున గొడుగే. ఈయన 1954లో అలప్పుళయందు సెయింట్ జార్జి అంబ్రెల్లా మార్టు అను పేర దుకాణము నెలకొల్పెను. నాలుగు దశాబ్దములు ఆ పేరు సాగినది. 1995లో కుటుంబము విడివడగా పాపీ, జాన్స్ అను రెండు సంస్థలు వెలసినవి. మనవైపు అన్నదమ్ములు వేరుపడిన పొలములు బీడుపడును, వకీళ్ల యిండ్లు లేచును; అచ్చట రెండు కొట్లును పోటీపడి వర్ధిల్లినవి. ఈ భేదము మా పాఠకులలో భూవసతి గలవారు గమనింపదగినది.

అయినను మేమీ సంస్థను గూర్చి వ్రాయుటకు కారణము దాని లాభములు కాదు. గొడుగు మన దేశమున వానకు అడ్డుపెట్టు సాధనము మాత్రమే కాదు, అధికార చిహ్నము. ఏకచ్ఛత్రాధిపత్యమను మాటయే యిందుకు సాక్ష్యము. రాజునకు వెల్లగొడుగు, దేవునికి ఉత్సవమున గొడుగు; తక్కినవారికి తాటాకు గొడుగు. కొందరికి అదియును లేదు. అలప్పుళ ఏ తిరువాన్కూరు రాజ్యమునకు రేవై యుండెనో, ఆ రాజ్యపు దక్షిణభాగమున పందొమ్మిదవ శతాబ్దిలో నాడార్లు గొడుగు పట్టరాదు, చెప్పులు తొడుగరాదు, బంగారము ధరింపరాదు. తాటిచెట్టెక్కుట వారి కులవృత్తి. చెట్టెక్కి ఆకు కోయువాడు ఆ ఆకుతోడి గొడుగు నీడను నడువగూడదట! నాడారు స్త్రీలు రొమ్ము కప్పుకొనుటకై దశాబ్దముల తరబడి పోరాడవలసి వచ్చినది. 1859లో మహారాజు అనుమతి నొసగియు, అగ్రవర్ణ స్త్రీల రీతిని మాత్రము కప్పుకొనరాదని నియమము పెట్టెను.

1924లో వైకము సత్యాగ్రహము, 1936లో దేవాలయ ప్రవేశ ప్రకటనము జరిగినపిమ్మట గదా వావచ్చన్ దుకాణము తెరచినది! వెల యిచ్చినవారికెల్ల గొడుగు నమ్ముట వర్తక ధర్మమే. అందులకు ఆయనను సంఘసంస్కర్తయని మేము కొనియాడబోము. కాని కొన్న గొడుగును వీథిలో విప్పుటకు వలసిన ధైర్యమును ఏ దుకాణమును అమ్మజాలదు. దానిని ఆ కొనినవారి తాతముత్తాతలు దెబ్బలుతిని సంపాదించిరి.

ఈ కథ పొరుగుదేశపుదని మనవారు నిశ్చింతగా నుండరాదు. దొరగారి లోగిలి ముందునుండి పోవు పాలేరు చెప్పులు చేతబట్టి, గొడుగు మడచి, తడియుచు నడిచిన దినములు మన గ్రామములలో ముదుసళ్లు ఇంకను మఱవలేదు. నేడు అదే వీథిని ఆ పాలేరు మనుమరాలు రంగుల గొడుగు వేసికొని పాఠశాలకు పోవుచున్నది. అరుగుపై కూర్చున్న పెద్దలలో ఎవరికైన నది కంటగింపుగా నున్నచో వారు లోనికి పోయి కూర్చుండవచ్చును. ఆ బాలిక మాత్రము గొడుగు మడువనక్కఱలేదు.