విక్రమార్కుణ్ని నడిపించిన చెయ్యి

దూసిన కత్తి. భుజం మీద శవం. చుట్టూ శ్మశానం. రాజు అడుగు ముందుకేస్తున్నాడు...

ఇంత చెబితే చాలు, నలభై దాటిన తెలుగువాళ్లు కళ్లు మూసుకుని మిగతా బొమ్మంతా చెప్పేస్తారు. గీసిందెవరని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. 2020 సెప్టెంబరు 29న చెన్నైలో ఆయన కన్నుమూశారన్న వార్త వచ్చినప్పుడు, 'అరె, ఈ పెద్దాయన ఇన్నాళ్లూ ఉన్నాడా!' అని ఆశ్చర్యపోయినవాళ్లూ తక్కువేం కాదు. ఆయన శంకర్. పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 'చందమామ' తొలితరం చిత్రకారుల్లో చివరిదాకా మిగిలినవారు.

కొడకండ్ల లాంటి మగ్గాల ఊళ్లలో 'చందమామ' ఒక ఇంటి పుస్తకం కాదు. ఎవరో మాస్టారు జనగామ నుంచి తెచ్చుకుంటే అది వాడకట్టంతా తిరిగేది. నెల తిరిగేసరికి అట్ట ఊడేది, పిన్నులు ఊడేవి, మధ్యలో రెండు పేజీలు మాయమయ్యేవి. బేతాళ కథ ఉన్న పేజీ మాత్రం అందరికంటే ముందు నలిగేది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకు బొమ్మే సగం కథ. బొత్తిగా చదువు రాని అవ్వకైతే అదే మొత్తం కథ.

ఆ పేజీ మీద నూనె పూసిన కాగితం పరిచి, పెన్సిలుతో గీతలు దిద్దుకోవడం అప్పట్లో పల్లె పిల్లల ఆర్ట్ స్కూలు. కత్తి చక్కగానే వచ్చేది. రాజు కిరీటమూ పర్వాలేదు. భుజం మీది శవమే బియ్యం బస్తాలా తేలేది! శంకర్ గీతలో ఉన్న బరువు ఆ నూనె కాగితానికి ఎక్కేది కాదు మరి.

అసలు కిటుకంతా ఆ బరువులోనే ఉంది. నెలనెలా అచ్చయ్యేది అదే తలకట్టు బొమ్మ. 1960ల నుంచి ఏళ్ల తరబడి అదే రాజు, అదే శవం, అదే అడుగు. అయినా కిందటి నెలకన్నా విక్రమార్కుడు ఇంకో నాలుగడుగులు నడిచాడనే పిల్లలు నమ్మేవారు. కార్టూన్ సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు కావాలి. శంకర్ ఇచ్చింది ఒక్క ఫ్రేము. మిగతా ఇరవైమూడూ చదివే పిల్లలే వేసుకున్నారు. ఆ లెక్కన మనకు పరిచయమైన మొదటి యానిమేటర్ ఆయనే అంటే కాదనేవాళ్లుండరేమో!

1924లో తమిళనాడులోని ధారాపురం దగ్గరి పల్లెలో పుట్టారు శంకర్. 1941లో మద్రాసు ఆర్ట్ స్కూల్లో చేరారు. అప్పుడక్కడ ప్రిన్సిపాలు ప్రసిద్ధ శిల్పి డి.పి. రాయ్ చౌధురి. చదువయ్యాక 1946లో 'కలైమగళ్' పత్రికలో బొమ్మలు వేయడం మొదలుపెట్టి, 1952లో 'చందమామ'కి వచ్చారు. జీతం 350 రూపాయలు. అయితే అప్పటికే అక్కడున్న సీనియర్ చిత్రకారుడు 'చిత్ర'కీ అంతే జీతమట. ఆయన మనసు కష్టపెట్టకుండా శంకర్‌కి లెక్కల్లో 300 చూపించి, తక్కిన యాభై విడిగా ఇచ్చేవారని చెబుతారు. పిల్లల పత్రిక నడిపేవాళ్లకి పెద్దల మనసులూ తెలియాలి కదా.

కొడవటిగంటి కుటుంబరావు 'చందమామ'లో చేరిందీ అదే 1952లో. ఆయన 1980లో పోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. తెలుగులో తయారైన కథకి తమిళుడైన శంకర్ బొమ్మ కట్టేవారు. ఆ బొమ్మే కన్నడానికీ, హిందీకీ, మరాఠీకీ, ఒడియాకీ వెళ్లేది. ఇలా డజను భాషల పిల్లలు తమ తమ భాషలో కథ చదువుకుని, ఒకే విక్రమార్కుణ్ని చూశారు. రాజు మనవాడేనని ఎవరికి వాళ్లే అనుకున్నారు. మన ఊళ్లలో అయితే ఆయన తెలుగువాడు కాదంటే ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు.

1985లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'విక్రమ్ ఔర్ బేతాళ్' మొదలైంది. ఊరికి ఒకటో రెండో టీవీలున్న రోజులు. పెద్దవాళ్లు కూడా చాపలేసుకుని కూర్చునేవారు. తెల్లజుట్టు బేతాళుడు బాగానే భయపెట్టాడు. కానీ 'చందమామ'తో పెరిగినవాళ్లకి ఏదో వెలితి. టీవీలో బేతాళుడు నిజంగానే ఎగిరిపోతాడు, రాజు నిజంగానే నడుస్తాడు... అయినా శంకర్ రాజు నడకే నిజమనిపించేది.

పత్రిక ఆయనకంటే ముందే వెళ్లిపోయింది. 1947 జూలైలో నాగిరెడ్డి-చక్రపాణి మొదలుపెట్టిన 'చందమామ' 1998లో ఆగి, మళ్లీ లేచి, 2007లో ఒక ముంబయి కంపెనీ చేతిలోకి వెళ్లి, కొన్నేళ్లకే పూర్తిగా ఆగిపోయింది. శంకర్ చెయ్యి మాత్రం ఆగలేదు. తొంభై ఏళ్లకు దగ్గరపడుతున్న వయసులోనూ రామకృష్ణ మఠం వారి 'రామకృష్ణ విజయం' పత్రికకి బొమ్మలు వేస్తూనే ఉన్నారు. 2021 జనవరిలో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. అందుకోవడానికి ఆయన లేరు. ఆరు దశాబ్దాలు పైబడి గీసిన మనిషి ప్రభుత్వం కంట పడడానికి ఇంకో నాలుగు నెలలు తక్కువయ్యాయన్నమాట!

ఆయన పోయింది కరోనా రోజుల్లో. సంతాప సభలు పెట్టుకునే వీలు లేదు. అభిమానులు చేయగలిగింది ఒకటే, అటకెక్కి పాత కట్టలు దించడం. కిలోల లెక్కన పాత పేపర్ల వాడికి పోకుండా మిగిలినవే ఆ నాలుగు కట్టలూ. వాటికీ చెదలు పట్టాయి, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. బేతాళ కథ పేజీ తీసి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే, రాజు భుజం చుట్టూ సన్నటి గాడి ఒకటి తళుక్కుమంటుంది. ఎప్పుడో నూనె కాగితం మీదుగా ఎవరో పిల్లాడు పెన్సిలు గట్టిగా నొక్కిన గాడి అది. దాని పక్కనే, బొమ్మ మూలన, చిన్న అక్షరాల్లో శంకర్ సంతకం.