సియాచిన్‌ను శాంతివనం చేయాలి

2016 ఫిబ్రవరి 3న సియాచిన్ ప్రాంతంలో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు చరియ విరిగిపడింది. మద్రాసు రెజిమెంటుకు చెందిన 10 మంది జవాన్లు దాని కింద కూరుకుపోయారు. వారిలో కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్పను ఆరు రోజుల తరువాత ప్రాణాలతో బయటికి తీశారు. దేశమంతా ఆయన కోసం ప్రార్థించింది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయన కూడా కన్నుమూశారు. ఆ పదిమందిలో మన కర్నూలు జిల్లా పల్లెటూరి సిపాయి ఒకరు ఉన్నారన్న సంగతి మాలో చాలామందికి ఈ మధ్యనే తెలిసింది.

వార్షికోత్సవ సంచికలో క్రమశిక్షణ గురించో, చదువు విలువ గురించో రాయడం ఆనవాయితీ. మేమూ అలాగే మొదలుపెట్టాం. కానీ మా హాస్టల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, ఆర్మీ ర్యాలీ కోసం రోడ్డు మీద పరుగెత్తేవాళ్లు ఏటా కొందరుంటారు. ఉద్యోగం వస్తే వాళ్లను ఎక్కడికి పంపుతారో వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. అందుకే ఈసారి సియాచిన్ గురించి రాయాలనిపించింది. అక్కడ రెండు దేశాల సైన్యాలూ కిందికి దిగాలి, ఆ మంచు ప్రాంతాన్ని సరిహద్దుకు అటూ ఇటూ కలిపి ఒక శాంతివనంగా ప్రకటించాలి అన్నది మా అభిప్రాయం.

సియాచిన్ కారకోరం పర్వతాల్లో ఉన్న హిమానీనదం. పొడవు సుమారు 76 కిలోమీటర్లు. బల్తీ భాషలో ఆ పేరుకు గులాబీలు విరివిగా ఉండే చోటు అని అర్థం చెబుతారు. కింది లోయలో అడవి గులాబీలు పూస్తాయట. పైన మాత్రం గడ్డిపోచ కూడా ఉండదు. చలి మైనస్ 50 డిగ్రీల దాకా పోతుంది. గాలి పలచన. తిండి, మందులు, స్టవ్వులకు కిరసనాయిలు అన్నీ కింది నుంచే మోయాలి, చాలా చోట్లకు హెలికాప్టర్లలోనే చేర్చాలి.

మనిషి నివసించని అలాంటి చోట తగవు ఎలా పుట్టింది? 1949లో కరాచీలో కాల్పుల విరమణ రేఖను గీసినప్పుడు, ఎన్‌జె 9842 అనే స్థానం వరకు గీసి, అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల దాకా అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ మంచులోకి ఎవరు పోతారులే అనుకున్నారు కాబోలు. 1972 సిమ్లా ఒప్పందం తరువాత నియంత్రణ రేఖను గుర్తించినప్పుడు కూడా ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. పొలం గట్టు సరిగ్గా పాతకపోతే అన్నదమ్ముల మధ్య ఏమవుతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఇక్కడా అదే అయ్యింది. పాకిస్తాన్ ఆ వైపు నుంచి పర్వతారోహకులకు అనుమతులు ఇవ్వసాగింది. 1984 ఏప్రిల్ 13న మన సైన్యం ఆపరేషన్ మేఘదూత్ పేరుతో పైకి వెళ్లి సల్తోరో శిఖరశ్రేణిలోని ముఖ్యమైన కనుమలను ఆక్రమించింది. అప్పటి నుంచి పైన మనం, పడమటి వాలులో వాళ్లు.

మన సైనికుల ధైర్యాన్ని తక్కువ చేయడానికి మేము ఇది రాయడం లేదు. 1987లో నిటారు మంచుగోడ ఎక్కి శత్రువు పోస్టును పట్టుకున్న బాణాసింగ్‌కు పరమవీర చక్ర ఇచ్చారు. ఆ శిఖరానికి ఆయన పేరే పెట్టారు. అయితే అక్కడ తూటాకు చచ్చినవాళ్ల కంటే చలికి, మంచు చరియలకు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి చచ్చినవాళ్లే ఎక్కువ. మన వైపే ఎనిమిది వందల మందికి పైగా పోయారు. 2012 ఏప్రిల్ 7న గయారీ దగ్గర పాకిస్తాన్ శిబిరం మీద మంచు కొండ విరిగిపడితే ఒక్క ఉదయం 140 మంది సమాధి అయ్యారు. 2003 నవంబరులో కాల్పుల విరమణ కుదిరాక అక్కడ తుపాకులు చాలావరకు మూగబోయాయి. చావులు మాత్రం ఆగలేదు.

ఇంకో సంగతి పత్రికల్లో తక్కువగా వస్తుంది. అంత చలిలో ఏదీ కుళ్లదు. నలభై ఏళ్లుగా వాడి పారేసిన డబ్బాలు, డ్రమ్ములు, మనుషుల మలం మంచు నెర్రెల్లోకే పోయాయి. ఆ మంచు కరిగి నుబ్రా నది అవుతుంది. నుబ్రా ష్యోక్‌లో, ష్యోక్ సింధులో కలుస్తాయి. లడఖ్ పల్లెలకు చేరేది ఆ నీరే. తరువాత పాకిస్తాన్ పొలాలకు చేరేదీ ఆ నీరే. ఇప్పుడిప్పుడు మన సైన్యం చెత్తను కిందికి దింపుతోంది, సంతోషమే. కానీ మనుషులు పైన ఉన్నంతకాలం చెత్త పుడుతూనే ఉంటుంది.

శాంతివనం అనేది మేము కల్పించిన మాట కాదు. 1932లోనే అమెరికా, కెనడా తమ సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు జాతీయ పార్కులను కలిపి వాటర్టన్-గ్లేసియర్ అంతర్జాతీయ శాంతి పార్కుగా ప్రకటించాయి. అవి ఎలాగూ స్నేహితులు కదా అని మా గదిలో ఒకడు వెంటనే అడిగాడు. నిజమే. అందుకని పెరూ, ఈక్వెడార్ల కథ చెప్పాలి.

ఆ రెండు దేశాలూ సరిహద్దు కోసం 1941లో, 1981లో, మళ్లీ 1995లో కొట్టుకున్నాయి. 1998 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. ముందు సరిహద్దు గీతను ఖరారు చేశారు. దానితోపాటే గీతకు రెండు వైపులా పర్యావరణ రక్షణ ప్రాంతాలు పెట్టారు. ఈక్వెడార్ సైనికులు ప్రాణాలొడ్డి పోరాడిన తివింజా అనే చోటు గీత లెక్కన పెరూ వైపు పడింది. దాన్ని ఊరికే వదులుకోమంటే ఈక్వెడార్ ప్రజలు ఒప్పుకుంటారా? అందుకని అక్కడ ఒక చదరపు కిలోమీటరు భూమిని పెరూ ఈక్వెడార్‌కు సొంత ఆస్తిగా ఇచ్చింది. రాజ్యం పెరూది, పట్టా ఈక్వెడార్‌ది! ఎవరూ ఓడిపోయామని తలవంచుకోనక్కరలేని దారి వెదికారు. అలాంటి తెలివి మనకూ, పాకిస్తాన్‌కూ లేదని మేము నమ్మం.

సియాచిన్‌కు ఈ ఆలోచన చెప్పినవాళ్లు కూడా శత్రువుల మనుషులు కారు. అమీర్ అలీ అనే మన దేశపు పర్వతారోహకుడు 1990లలోనే దీని గురించి రాశారు. తరువాత దాన్ని భుజాన వేసుకున్న హరీశ్ కపాడియా కొడుకు మన సైన్యంలో లెఫ్టినెంటు. 2000 నవంబరులో కాశ్మీరులో ఉగ్రవాదులతో జరిగిన పోరులో చనిపోయాడు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఆ తరువాత కూడా శాంతివనం మాట మానలేదు. 2005 జూన్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా సియాచిన్ వెళ్లి, దాన్ని శాంతి పర్వతం చేయాలన్నారు. అంతకుముందు 1989 జూన్‌లో రెండు దేశాల అధికారుల చర్చలు ఒప్పందం అంచుదాకా వచ్చి తప్పిపోయాయి.

ఇక అసలు అభ్యంతరానికి వద్దాం. మాలో ఇద్దరు ఈ వ్యాసంతో ఏకీభవించలేదు. అందులో ఒకడి అన్న సైన్యంలో ఉన్నాడు. "మేం దిగిన మర్నాడు వాళ్లు ఎక్కి కూర్చుంటే, మళ్లీ ఎక్కడానికి ఎంతమంది చావాలి?" అని ఆ అన్న ఫోనులో అడిగాడట. ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. 1999లో కార్గిల్‌లో చలికాలం మనం ఖాళీ చేసిన పోస్టుల్లోకి పాకిస్తాన్ సైనికులు చొరబడ్డారు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. మే నెలలో నాలుగు రోజులు రెండు దేశాలూ క్షిపణులు, డ్రోన్లతో కొట్టుకున్నాయి. ఇలాంటప్పుడు పార్కు ఏమిటి అని ఎవరికైనా అనిపిస్తుంది. ఉత్తరాన చైనా కూడా ఉంది. 1963లో పాకిస్తాన్ దానికి కట్టబెట్టిన షక్స్‌గామ్ లోయ సియాచిన్‌కు ఆనుకునే ఉంది.

అయినా మా మాట మార్చుకోం. కాకపోతే వరుస ముఖ్యం. మొదట ఎవరి సైన్యం ఈ రోజు ఎక్కడుందో పటం మీద గుర్తించి రెండు దేశాలూ సంతకాలు చేయాలి. మన సైన్యం అడిగేది అదే. 2022 జనవరిలో అప్పటి సైన్యాధిపతి జనరల్ నరవణే కూడా సైన్యాల ఉపసంహరణకు తాము వ్యతిరేకం కాదని, ముందు ఆ రేఖను పాకిస్తాన్ ఒప్పుకోవాలని అన్నారు. సంతకం చేస్తే పరువు పోతుందని పాకిస్తాన్ భయం. పార్కు ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే. ఓడి దిగాం అని కాకుండా, హిమానీనదాన్ని కాపాడడానికి దిగాం అని వాళ్లు తమ ప్రజలకు చెప్పుకోవచ్చు. దిగాక ఎవరైనా ఎక్కారా లేదా అన్నది ఉపగ్రహాలు చూస్తాయి. నమ్మకం ఉంటేనే పార్కు అంటే అది ఎన్నటికీ రాదు. సంతకం ఉంటే చాలు అంటే ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు. పైగా అక్కడ ఊరు లేదు, గుడి లేదు, మసీదు లేదు, ఓటరు లేడు. రెండు దేశాల మధ్య ఉన్న తగవుల్లో ఇంతకన్నా తేలికది ఏముంది?

మన మాలావత్ పూర్ణ గుర్తుంది కదా! సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. తోడుగా ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఆ శిఖరం మీదుగానే నేపాల్, చైనా సరిహద్దు పోతుంది. అటు చైనా అభయారణ్యం, ఇటు నేపాల్ జాతీయ పార్కు. 2020 డిసెంబరులో ఆ కొండ ఎత్తు 8,848.86 మీటర్లని రెండు దేశాలూ కలిసి ప్రకటించాయి. సియాచిన్ హిమానీనదం ఏటా ఎంత కరుగుతోందో కూడా రెండు దేశాల శాస్త్రవేత్తలు ఒకే గుడారంలో కూర్చుని కొలవవచ్చు. మన హాస్టలు పిల్లలు అక్కడికి తుపాకీతోనే కాక, కొలిచే పరికరాలతోనూ వెళ్లవచ్చు.

పార్కు వచ్చిన నాడు అక్కడి ఉద్యోగులకు ముందుగా పడే పని చెత్త దింపడం ఒక్కటే కాదు. 1984 మే నెలలో మంచు చరియ కింద పడిపోయిన ఒక లాన్స్ నాయక్ దేహం 38 ఏళ్ల తరువాత, 2022 ఆగస్టులో దొరికింది. ఇంటికి చేర్చి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. మన వాళ్లూ, వాళ్ల వాళ్లూ ఇంకా ఆ మంచులో ఉన్నారు.