డాక్టరేటు సరే... లైసెన్సు ఏదీ?

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఓ తండ్రి ఫోన్ చేశారు. కూతురు సైకాలజీలో ఎంఏ పూర్తి చేసింది. ‘క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ ఇప్పిస్తాం, క్లాసులకు రానక్కర్లేదు, మూడేళ్లు తిరిగేసరికి పట్టా చేతిలో పెడతాం’ అని ఎవరో ఏజెంటు చెప్పాడట. ‘అరెకరం అమ్ముదామనుకుంటున్న... అమ్మాల్నా?’ అన్నది ఆయన ప్రశ్న.

అమ్మకండి. కనీసం ఈ కాలమ్ చదివే దాకా!

ముందుగా ఒక చిక్కు విప్పుకుందాం. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేసి సమస్యను అంచనా కడతారు, మాటలతో, సాధనతో చికిత్స చేస్తారు. ఈ పని చేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్టరులో పేరుండాలి. 1992 నాటి చట్టం ప్రకారం రిజిస్టరులో లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యే కదా అని నవ్వుకునేవాళ్లు జైలు సంగతి మరిచిపోతున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆర్‌సీఐ గుర్తించిన అర్హత ఉన్నవారినే క్లినికల్ సైకాలజిస్టు అంటుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. పీహెచ్‌డీ పరిశోధన పట్టా. దాంతో పాఠం చెప్పొచ్చు, పరిశోధన చేయొచ్చు, పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకోవచ్చు. కానీ రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకోవడానికి అది ఒక్కటే చాలదు. మన దేశంలో ఈ శిక్షణ 1955లో బెంగళూరులో, ఇప్పటి నిమ్‌హాన్స్‌కు మూలమైన సంస్థలో మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆస్పత్రిలోనే ఉండి చేసే రెండేళ్ల ఎంఫిల్ లైసెన్సుకు రాజమార్గం అయింది. యూజీసీ 2022లో ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం మినహాయింపు ఇచ్చి, 2025-26 ప్రవేశాల వరకే అని 2024 జనవరిలో గడువు పెట్టింది. అందుకే ఇప్పుడు చేరబోయేవారు సీనియర్ల మాట మీద నడవకూడదు. ఏ కోర్సు, ఏ సంస్థలో, ఏ ఏడాది వరకు ఆమోదం పొందిందో ఆర్‌సీఐ జాబితాలో స్వయంగా చూసుకోవాలి. రీహాబిలిటేషన్ సైకాలజీ, హెల్త్ సైకాలజీ, కౌన్సెలింగ్ సైకాలజీ... పేర్లు దగ్గరగానే ఉంటాయి. దారులు మాత్రం వేరు.

మరి ఏజెంటు మాట? యూజీసీ 2022 నిబంధనల్లో దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతిలో పీహెచ్‌డీకి చోటే లేదు. నిబంధనలు పాటించలేదని రాజస్థాన్‌లోని ఓపీజేఎస్, సన్‌రైజ్, సింఘానియా విశ్వవిద్యాలయాలను 2025 జనవరిలో అయిదేళ్ల పాటు పీహెచ్‌డీ ప్రవేశాల నుంచి తప్పించారు. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలో సైకాలజీ కోర్సులకు కూడా తలుపులు మూసేశారు. కాబట్టి కొత్తగా చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎంఏ దగ్గరే జాగ్రత్త పడాలి.

పరిశోధనే ఇష్టమైతే పీహెచ్‌డీ మంచిదే. అప్పుడు కాలేజీ భవనం కాదు, గైడును చూడండి. నిబంధనల ప్రకారం ప్రొఫెసరు దగ్గర ఎనిమిది మందికి, అసోసియేట్ దగ్గర ఆరుగురికి, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి స్కాలర్లు ఉండకూడదు. ఆయన దగ్గర ఇదివరకు చేసినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారో, ఇప్పుడు ఎక్కడున్నారో వాళ్లనే అడగండి. వైద్యమే చేయాలనుకుంటే అడగాల్సిన ప్రశ్న వేరు: రోజూ రోగులు వచ్చే ఆస్పత్రి ఉందా, పక్కన నిలబడి తప్పులు దిద్దే రిజిస్టర్డ్ సైకాలజిస్టు ఉన్నారా? దీనికి నీళ్లు నమిలే చోట ఫీజు కట్టొద్దు.

అమెరికా అంటారా... 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగితే చిక్కుకున్నవాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకు ట్రాకింగ్ పట్టీలు కూడా వేశారు. అది పూర్తిగా నకిలీ బాపతు. గుర్తింపు ఉన్నవీ మునగవని కాదు. క్లినికల్ సైకాలజీ డాక్టరేట్లు నడిపిన ఆర్గోసీ యూనివర్సిటీ 2019 మార్చిలో మూతపడి విద్యార్థులు రోడ్డున పడ్డారు. అక్కడ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ (ఏపీఏ) గుర్తింపు ముఖ్యం. గుర్తింపున్న ప్రతి కోర్సూ ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, ఎందరికి ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎందరు లైసెన్సు తెచ్చుకున్నారు, ఖర్చెంత అన్న లెక్కలు బయటపెట్టి తీరాలి. బ్రోషర్లు పక్కనపెట్టి ఆ పట్టిక చదవండి. పీహెచ్‌డీలకు చాలాచోట్ల ఫీజు మాఫీ, స్టైపెండు ఉంటాయి. ‘సై.డి’ డాక్టరేటుకు ఎక్కువగా సొంత డబ్బే. ఎంఎస్‌లా రెండేళ్లలో తేలే చదువు కాదిది, అయిదారేళ్లు పడుతుంది.

ఇంకొక్కటి. ఎక్కడ నేర్చుకున్నా, శిక్షణలో తెలుగు మాట్లాడే రోగులు తగులుతారా అని అడగండి. బెంగళూరుకు రాయలసీమ వాళ్లు వస్తారు, సికింద్రాబాద్, హైదరాబాద్ సంస్థలకు మనవాళ్లే వస్తారు. మన జనగామ వైపు పత్తి రైతు ‘నాకు డిప్రెషన్’ అనడు. ‘పానం మంచిగుంటలేదు’ అంటాడు. ఇంట్లోవాళ్లు ‘రంది పెట్టుకున్నడు’ అంటారు. ఆ రంది ఎన్నాళ్లుగా ఉంది, నిద్ర పడుతోందా, చావాలన్న తలపు వస్తోందా అన్నది ఆయన మాటలోనే అడిగి రాబట్టడం ఏ పుస్తకంలోనూ ఉండదు, వార్డులోనే వస్తుంది.