ఈ రోజు ఏ చేప వచ్చింది?

మే నెలలో ఎగ్జామ్స్ అయిపోగానే ఐదుగురం వైజాగ్ నుంచి భీమిలి వెళ్లాం. బీచ్ రోడ్డులో పాతిక కిలోమీటర్లు, పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేసే ట్రిప్. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట తిరిగి తిరిగి, ఒంటిగంటకి సముద్రం కనిపించే ఒక రెస్టారెంట్‌లో కూర్చున్నాం. బయట బోర్డు మీద 'ఫ్రెష్ క్యాచ్ ఆఫ్ ది డే' అని ఉంది. మెనూ అంతా ఇంగ్లిషే: సీర్ ఫిష్, పాంఫ్రెట్, అపోలో ఫిష్.

సర్వర్ కాస్త పెద్దాయన. "ఏది ఫ్రెష్ అంకుల్?" అని అడిగాను. ఆయన గొంతు తగ్గించి, "ఇప్పుడు వేట లేదు కదా బాబూ. వంజరమైనా, చందువైనా ఐస్‌లోదే" అన్నాడు.

వేట లేకపోవడమేంటి? వంజరం అంటే ఏంటి? నాకు రెండూ తెలీదు. ఫోన్‌లో వెతికాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లు, ఇంజిన్ పడవలు వేటకి వెళ్లకూడదు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంజిన్ లేని తెప్పలకి మాత్రం నిషేధం లేదు. వంజరం అంటే మెనూలో ఉన్న సీర్ ఫిష్షే.

కిటికీలోంచి చూస్తే ఇసుక మీద వరసగా పడవలు. అరగంట ముందు వాటిని ఆనుకునే మేం సెల్ఫీలు దిగాం. మధ్యాహ్నం పూట ఇన్ని పడవలు ఒడ్డునే ఎందుకున్నాయని ఒక్కరికీ అనిపించలేదు.

ఐస్ చేప తినడం తప్పని నేననను. నా కంప్లైంట్ ముందు మా మీదే. అన్నిటికీ 'సీఫుడ్' అని ఒక్క మాట పెట్టేసుకున్నాం. పేర్లు తెలీనప్పుడు ఏమని అడుగుతాం? మా అమ్మమ్మ మార్కెట్లో చేప మొప్ప ఎత్తి చూసి, ఎర్రగా లేకపోతే ముందుకెళ్లిపోతుంది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, కానీ ఆవిడకి పాత చేప అంటగట్టడం ఎవరి వల్లా కాదు. నేనేమో ఇంగ్లిష్ బోర్డు గడగడా చదివేసి నమ్మేశాను.

"రుచి బాగుంటే చాలు, ఈ గోలంతా ఎందుకు?" అన్నాడు మా వాడొకడు. గోల కాదు. రెండు నెలలు వేట మానుకుని వాళ్లు ఒడ్డున కూర్చుంటేనే మిగతా పది నెలలు మన ప్లేట్లోకి చేప వస్తుంది. 365 రోజులూ 'ఫ్రెష్' అని రాసిపెట్టే బోర్డు ఆ సంగతే లేనట్టు చేస్తుంది. అడగకుండా తినే మనమూ అంతే.

చివరికి ఆయనే అన్నాడు, "మెనూలో ఉండదు గానీ, పొద్దున్న తెప్ప మీద నెత్తళ్లొచ్చాయి. మా కోసం వేపుడు చేసుకున్నాం. తింటారా?" వేడన్నంలో ఐదుగురం ప్లేటు ఖాళీ చేసేశాం.

ఈసారి బీచ్‌కి వెళ్తే మీరూ మెనూ పక్కన పెట్టి, "ఈ రోజు ఏ చేప వచ్చింది?" అని తెలుగులో అడగండి. వెళ్లేముందు ఈ ఐదు పేర్లు నేర్చుకోండి చాలు: వంజరం, చందువ, కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు.