చుట్టుదారి

మా చెల్లెలి కాపరం అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గిర. మొన్న ఆదివారం మా అమ్మ వత్తులు చేసుకుంటూ, "ఒరే అబ్బాయీ, దాని ఊరు ఇక్కడికెంత దూరంరా?" అని అడిగింది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. లెక్కలంటే కాస్త బెరుకే. అయినా మావాడి గ్లోబు దించి, అమ్మ దగ్గిర ఒక నూలుపోగు పుచ్చుకుని, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి బిగించి పట్టుకున్నాను. ఆ పోగు తూర్పుకీ పోలేదు, పడమరకీ పోలేదు. తిన్నగా ఉత్తరానికెక్కి, ధ్రువానికి చేరువగా పోయి అవతలికి దిగింది. అన్నిటికన్న దగ్గిరదారి అదే. సుమారు 12,400 కిలోమీటర్లు.

"విమానం ఆ దారినే పోతుందా?" అంది అమ్మ.

పోవాలని లేదు. తమాషా అంతా అక్కడే ఉంది. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియావారు ఢిల్లీ నుంచి అక్కడికి మధ్యలో ఆగని విమానం మొదలుపెట్టారు. అది పడమటిగా, అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు పోయేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకి మళ్ళించి పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లయింది. 1,400 కిలోమీటర్లు పెరిగినా, విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరింది. పాతదారికన్న సుమారు రెండు గంటలు ముందే!

"అదెలా నాన్నా? భూమి తూర్పుకి తిరుగుతోంది గదా, పడమటిగా పోతేనే ఊరు ఎదురు రావాలి" అన్నాడు మావాడు. ఆ లెక్క చెల్లదు. భూమితోపాటు దాని మీది గాలీ తిరుగుతుంది. అసలు సంగతి, పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి ఏరులా పారే పెనుగాలి. దానికి ఎదురుపడితే కాలమూ ఖర్చే, చమురూ ఖర్చే. దాని వెంట పోతే వెనకనుంచి నెట్టినట్టే. గోదావరి మీద తెరచాప ఎత్తినవాడికి ఈ ముక్క ఎవరూ చెప్పనక్కరలేదు.

అమ్మ అంతా విని, "మా పుట్టిల్లు రెండామడలు. రాత్రి భోజనాలయ్యాక బండి కడితే తెల్లవారేసరికి చేరేదాన్ని. ఇదీ ఇంచుమించు అంతేగా!" అంది. మళ్ళీ వత్తి నలుపుతూ, "నేను ఏడాదికి మూడుసార్లు వెళ్ళేదాన్ని. మరి అది వచ్చి నాలుగేళ్ళయిందేం?" అంది.

సెలవు, వీసా, పిల్లల చదువులు - నాకు తెలిసిన జవాబులన్నీ ఎదురుగాలులే. ఒక్కటీ గ్లోబు మీద చూపించడానికి వీల్లేదు.

ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేశాను. కిలోమీటర్ల ఊసెత్తకుండా అమ్మ అడిగిన మాటే చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"వేసవికి టిక్కెట్లు చూస్తానన్నయ్యా" అంది.