మధుమేహమున్న ఇంట గోధుమ సంగతి

కోయంబత్తూరులోను, మదురలోను తరతరములుగా కాపురమున్న మన తెలుగు ఇండ్లలో గోధుమకు ఒకప్పుడు పెద్దపీట లేదు. వరి అన్నము, జొన్నసంకటి, సజ్జరొట్టె, రాగి అంబలి, ఇవే మన పెద్దల తిండి. గోధుమ మన వంటింటికి వచ్చిన దారులు అనేకము. వానిలో మధుమేహము ఒకటి. షుగరు అని తేలిన నాడే, "రాత్రిపూట అన్నము మాని చపాతీ తినండి" అని ఎవరో ఒకరు చెప్పక మానరు. ఇంటిలో ఒకరికి షుగరు వచ్చిన, ఇంటిల్లిపాదికి చపాతీయే.

నూటికి తొంబదితొమ్మిది మందికి దీనివలన కీడు లేదు. కాని కొందరి ఒంటికి గోధుమయే గిట్టదు. ఈ వ్యాధికి సీలియాక్ అని పేరు. గోధుమ, బార్లీ, రై అను ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు గలదు. అది కడుపులో పడగానే వీరి శరీరపు రక్షణశక్తి తన చిన్నప్రేగుపైననే తిరుగబడును. ప్రేగు లోపల నూగువలె నుండు సన్నని పొర అరిగిపోవును. అది అరిగిన తరువాత ఎంత తిన్నను ఒంటికి పట్టదు.

లండనులో శామ్యూల్ గీ అను వైద్యుడు 1888లోనే ఈ జబ్బును వర్ణించెను. కారణము మాత్రము చాలకాలము తెలియలేదు. 1944-45 చలికాలమున హాలెండు దేశమున కరవు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు కోలుకొనిరి. రొట్టె మరల రాగానే జబ్బు మరల వచ్చెను. గోధుమయే కారణమని డికె అను పిల్లల వైద్యుడు 1950లో తన సిద్ధాంత వ్యాసమున నిరూపించెను.

దీనికి మధుమేహముతో చుట్టరికము గలదు. అయితే అది పెద్దవయసున వచ్చు రెండవ రకముతో కాదు. సాధారణముగా చిన్ననాటనే వచ్చి, ఇన్సులిన్ సూది తప్పనిసరియగు మొదటి రకముతో. ఆ రకము వారిలో సుమారు 100కు 6 మందికి సీలియాక్ కూడ ఉండునని పలు దేశముల లెక్కలు చెప్పుచున్నవి.

ఆఫీసులో గుమాస్తా పని చేయువారికి ఒక సంగతి తెలియును. కొత్తగా వచ్చిన కాగితమును ముందున్న ఫైలులో పడవేయుట సులభము, దానికి వేరే ఫైలు తెరచుట కష్టము. షుగరు రోగి విషయమునను ఇదే జరుగును. విరేచనములైన అది మందు వలన అందురు. చిక్కిపోయిన షుగరు పెరిగినదందురు. రక్తము తగ్గిన సరిగా తినలేదందురు. ఉన్నట్టుండి చక్కెర పడిపోయిన, సూది కొలత తప్పినదని తల్లికి చీవాట్లు. తిన్నది ఒంటికి పట్టక, సూది మాత్రము తన పని తాను చేయుటచేత చక్కెర పడిపోవచ్చునని ఎవరికిని తోచదు. పిల్ల ఎత్తు పెరుగదు. తల్లి తననే నిందించుకొనును. కొందరికి ఏ లక్షణమును ఉండదు. అందుచేతనే మొదటి రకము షుగరు తేలిన పిల్లలకు అప్పుడే ఒకసారి, 2 ఏండ్ల లోపల ఒకసారి, 5 ఏండ్లకు మరియొకసారి పరీక్ష చేయవలెనని అమెరికా మధుమేహ సంఘము సూచించుచున్నది.

"ఇది ఉత్తరాది జబ్బు గదా, మనకెందుకు?" అనువారు గలరు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో ఉత్తరాదిని, ఈశాన్యమున, మన వేలూరు ప్రాంతమున 23 వేలకు పైగా పెద్దవారిని పరీక్షించిరి. ఈ జబ్బును సూచించు గుర్తులు ఉత్తరాదిని 100కు ఒకరికి పైగా, వేలూరు వైపున 1,000కి ఒకరికి కనిపించినవి. కాని జబ్బుకు తావిచ్చు జన్యులక్షణము రెండుచోట్ల ఇంచుమించు సమానమే: అక్కడ 100కు 38, ఇక్కడ 36. రోజుకు తిను గోధుమ మాత్రము అక్కడ 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. కనుక మనకు జబ్బు అరుదే గాని, అసలు రాదనుకొనుటకు వీలు లేదు.

ఇక పరీక్ష సంగతి. మొదట రక్తపరీక్ష. టి.టి.జి. అను ప్రతిరక్షకమును, దానితోపాటు మొత్తము ఐ.జి.ఏ.ను చూడవలెను. కొందరి రక్తమున ఐ.జి.ఏ. స్వతహాగా లోపించియుండును. దానిని చూడనిచో జబ్బు ఉన్నను లేదని వచ్చును. గుర్తు కనబడినచో ఎండోస్కోపీ చేసి, చిన్నప్రేగు మొదటి భాగమునుండి నాలుగైదు చిన్న ముక్కలు తీసి చూతురు. సంఖ్య చాల హెచ్చుగా నున్న పిల్లలకు, రెండవ రక్తపరీక్షయు రూఢిపరచినచో, ముక్క తీయకుండనే నిర్ణయించుట నేడు గలదు.

ముఖ్యమైన మాట ఒకటి. పరీక్షలు ముగియువరకు గోధుమ మానరాదు. పొరుగమ్మ చెప్పినదని ముందే మానినచో ప్రేగు కోలుకొనును, రక్తమున గుర్తు చెరగును, నిజము దాగిపోవును. పరీక్షకు ముందు కనీసము 6 వారములు, రోజుకు ఒకటికి మించిన పూటలలో గోధుమ తినవలెనని ఇంగ్లండు వైద్యసూత్రము. రోజును అన్నమే తిని, ఎప్పుడో ఒక చపాతీ తిను మన ఇండ్లవారు ఈ సంగతి డాక్టరుకు చెప్పి తీరవలెను.

లేని జబ్బును ఉన్నదనుటయు తప్పే. షుగరు కొత్తగా తేలిన పిల్లలలో ఆ గుర్తు కొంచెము పెరిగి, తరువాత తానే తగ్గుట గలదు. ప్రేగు నూగు అరుగుటకు దక్షిణాదిని వేరు కారణములును గలవు. ఉష్ణదేశపు స్ప్రూ అను జబ్బును 1960ల నాడే వేలూరు క్రిస్టియన్ వైద్యకళాశాల వారు మన పల్లెలలో పరిశోధించిరి. దానికి మందు వేరు. ఆజన్మాంతము పథ్యము పెట్టుటకు ముందు నిజము రూఢి కావలెను గదా!

రూఢియైనచో పథ్యము మనవారికి గండము కాదు. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, పప్పులు అన్నియు తినవచ్చును. ఇడ్లీ, దోసెలకు అడ్డు లేదు. పరోటా, గోధుమరవ్వ ఉప్మా, మైదా, గోధుమ హల్వా, బార్లీ గంజి, మాల్టు పానీయములు మానవలెను. కొన్ని రకముల పొడి ఇంగువలో గోధుమపిండి కలియును, డబ్బాపై చదివి కొనవలెను. గోధుమలు ఆడించిన మిల్లులోనే రాగులు ఆడించినను ఆ పొడి కలియును. ప్రేగు కోలుకొనగానే తిన్నది ఒంటికి పట్టును గనుక, ఇన్సులిన్ కొలత మారవచ్చును. దానిని డాక్టరే సవరించవలెను.

షుగరు పిల్లలున్న అమ్మలకు, అయ్యలకు నా మనవి ఇంతే. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, "మా బిడ్డకు సీలియాక్ పరీక్ష చేసిరా?" అని అడుగుడు. చేసియున్నచో ఆ కాగితము దాచుడు. చేయనిచో, గోధుమ మానకముందే చేయింపుడు.